వేలు సగం దిగాలె

పోయిన నెల బచేలి బజారులో ఒక బూట్ల కొట్టుకు వెళ్లాను. పిల్లల చేత వ్యాయామం చేయించే ఉద్యోగం నాది. రోజుకు ఆరేడు గంటలు సిమెంటు నేల మీద నిలబడాలి, మధ్యమధ్యలో వాళ్లతో పాటు పరుగెత్తాలి. ఏడాదిగా మడమ నొప్పి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు మీద వేసినట్టే ఉంటుంది. బూట్లలో పాదం కింద మంచి ఇన్‌సోల్ వేసుకోమని డాక్టరు చెప్పాడు.

కొట్టాయన నా పాదం తడిపించి అట్ట మీద నిలబెట్టాడు. అచ్చు నిండుగా పడింది. మీది చదును పాదం అని తేల్చేసి, నడుమ గుట్టలా లేచిన గట్టి ప్లాస్టిక్ జత ఒకటి తీసి ముందు పెట్టాడు. నేను బల్ల పట్టుకుని మునివేళ్ల మీద లేచి, ఇప్పుడు చూడమన్నాను. పాదం నడుమ వంపు లేచింది. ఇలా లేచే కాలికి ఇంత గట్టిది అక్కర్లేదని చెప్పి ఇంకో నాలుగు జతలు తీయించాను. ఒక్కొక్కదాన్ని మడమ దగ్గర బొటనవేలితో నొక్కాను. వేలు పూర్తిగా దిగిపోయినవి పక్కన పెట్టాను, అసలు దిగనిది కూడా పక్కన పెట్టాను. మిగిలిన జతను రెండు చేతులతో వంచాను. వేళ్ల దగ్గర వంగింది, నడుమ వంగలేదు. అది చాలన్నాను. బూటులో ముందు నుంచి ఉన్న అట్టను పీకేసి, ఆ తర్వాతే కొత్తది వేసి, కొట్టులోనే నాలుగు చుట్లు నడిచాను.

కొట్టాయనకు ముచ్చటేసింది. ఇవన్నీ మీకు ఎవరు నేర్పారని అడిగాడు.

"ఫోన్లో చూశాను" అన్నాను.

నోరు జారి అన్న మాట కాదు అది. నాకు అలవాటైపోయిన అబద్ధం. నేర్పిన మనిషి ఏ ఫోన్లోనూ లేదు. భోపాలపట్నం దాటాక తర్లగూడ వెళ్లే రోడ్డు మీద ఒక ఆడపిల్లల ఆశ్రమ బడి ఉంది. నా మొదటి ఉద్యోగం అక్కడే. ఆమె ఆ బడిలో వంట మనిషి. హిందీ కాగితాల్లో రసోయియా, పిల్లలకు అవ్వ, నాకు అక్క.

ఎవరు ఎదురుపడినా ఆమె ముందు కాళ్లు చూసేది, ఆ తర్వాతే మొహం. నేను చేరిన రోజు పెట్టె దించుకుంటుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, నా మడమ బయటికి ఒరుగుతోందని చెప్పింది. పేరూ ఊరూ మరునాడు అడిగింది. మాది శ్రీకాకుళం వైపనీ, నాన్న కిరండూల్ గనుల్లో పనిచేశాడనీ, నేను కంపెనీ క్వార్టర్లలో పెరిగాననీ చెప్తే, "అట్లనా, నీ తెలుగు రేడియో లెక్క ఉన్నది" అని నవ్వింది. ఒకసారి బీజాపూర్ నుంచి తనిఖీకి వచ్చిన అధికారి పప్పు రుచి చూసి మెచ్చుకుంటుంటే, ఆమె ఆయన కొత్త బూట్ల వంకే చూస్తూ, అవి సారుకు ఒక నంబరు చిన్నవి, బొటనవేలి గోరు నల్లబడుతుంది అని అనేసింది. బడినీ హాస్టల్నీ చూసుకునే అధీక్షిక మేడమ్ మొహం మాడిపోయింది. అధికారి మాత్రం తిరిగి వెళ్లేటప్పుడు జీపులో బూట్లు విప్పుకుని కూర్చోవడం నా కళ్లతో చూశాను.

ఆమె తెల్లవారుజామున పొయ్యి ముందు నిలబడితే మధ్యాహ్నం దాకా అక్కడే. రెండు పొయ్యిల నడుమ ఆమెదైన చోటు ఒకటుండేది. గోనెసంచి మడతలు, దాని మీద పాత కంబళి ముక్క, మళ్లీ గోనె, అన్నీ కలిపి దబ్బనంతో కుట్టిన పట్టా. దాని మీద ఇంకెవరూ కాలు పెట్టకూడదు. ఒకరోజు ఆమె లేనప్పుడు నేను ఎక్కి నిలబడ్డాను. పరుపులా ఉంటుందనుకుంటే అలా లేదు. ఆమె వెనక నుంచి వచ్చి చూసింది.

"మెత్తగ ఉంటదనుకున్నవా? మెత్తగుంటే కాలు మునుగుతది. మునిగిన కాలు లేవడానికే అలిసిపోతది. నిలబడేటోళ్లకు మందం కావాలె, మెత్తదనం గాదు."

పరుగెత్తేవాళ్ల లెక్క వేరని కూడా అప్పుడే చెప్పింది. మడమను కదలకుండా పట్టుకోవాలట, వేళ్లను వదిలిపెట్టాలట. ఇవన్నీ ఎవరు నేర్పారక్కా అని అడిగాను. ఆమె అన్నం వారుస్తూ, తల తిప్పకుండా జవాబిచ్చింది.

"ఎవరు నేర్పుతరు? నిలబడ్డ. అంతే."

మా బడికి ఏటా పిల్లల బూట్లు మూటల్లో వచ్చేవి. వాటిని పంచే పద్ధతి నేను చచ్చినా మర్చిపోలేను. ఏడో క్లాసుకు నాలుగో నంబరు, ఎనిమిదో క్లాసుకు అయిదో నంబరు. క్లాసు పెరిగితే కాలు పెరగాలి, అంతే. ఫెయిలైన పిల్లకు అదే నంబరు మళ్లీ వస్తుంది. రిజిస్టరులో వేలిముద్రలు పడ్డాక ఆ మూటలు మెల్లగా వంటింటి వరండాలోకి చేరేవి. ఆమె సాయంత్రం పని తెమిలాక అక్కడ కూర్చుని ఒక్కొక్క బూటునూ విప్పేది. లోపలి అట్ట అప్పడం కన్నా పల్చగా ఉండేది. దాన్ని పీకి పొయ్యిలో పడేసేది. వరండా అంతా పొయ్యి బూడిద జల్లి, పిల్లల్ని కాళ్లు తడుపుకుని దాని మీద నడవమనేది. అచ్చులు చూసేది. తర్వాత నూనె డబ్బాలొచ్చే అట్టపెట్టె విప్పి, దాని మీద పిల్లను నిలబెట్టి బొగ్గుతో పాదం గీసేది. కూర్చోబెట్టి గీయనిచ్చేది కాదు, పొద్దున గీయనిచ్చేది కాదు. పొద్దంతా తిరిగిన కాలు సాయంత్రానికి పెరుగుతుంది కాబట్టి ఆ కాలికే కొలత తీయాలనేది. ఆ గీత మీద పాత చెప్పుల రబ్బరు, కంబళి ముక్క కోసి, మైదా బంకతో అతికించి, రోలు కింద పెట్టి రెండు రోజులు అణిచేది. తీసిన తర్వాత బొటనవేలితో నొక్కి చూసేది.

"వేలు సగం దిగాలె" అనేది. సగం కన్నా తక్కువ దిగినా ఎక్కువ దిగినా మళ్లీ మొదటికి వచ్చేది. నూట ఇరవై మంది పిల్లలు. ఎవరూ చేయమనలేదు. ఎవరూ వద్దనీ అనలేదు, అప్పటికి.

ఆ పిల్లల్లో బుద్రి అని ఒకతి. గోండు పిల్ల, తొమ్మిదో క్లాసు. పరుగెత్తితే చూడబుద్ధయ్యే పిల్ల. క్రీడా హాస్టల్లో సీటు వస్తుందని నాకు గట్టి నమ్మకం. ఆ ఏడాది దాటితే దానికి వయసు మించిపోతుంది. బుద్రి బూట్ల కోసం అక్క మూడు జతలు కోసి, రెండు పారేసి, మూడోది పెట్టింది. నెల రోజులు వాటితోనే సాధన చేసింది బుద్రి. ఎక్కడా చిన్న బొబ్బ కూడా రాలేదు.

నేను మాత్రం ఆ బూడిదలో పడిన బుద్రి పాదం అచ్చు చూశాను. నిండుగా ఉంది. ఫోన్లో తెల్లకోటు డాక్టరు ఒకాయన, అచ్చు నిండుగా పడితే చదును పాదమని, గట్టి ఆనిక ఉన్న ఇన్‌సోల్ లేకుండా పరుగెత్తితే మోకాళ్లు పోతాయని చెప్తున్నాడు. ఆ వీడియో అక్కకు చూపించి, అలాంటివి తెప్పిద్దామన్నాను. ఆమె శ్రద్ధగానే చూసింది.

"ఆయన చూసిన కాళ్లు వేరే కాళ్లు, మేడమ్. ఇది చదును కాలు గాదు, నిండు కాలు. చిన్నప్పటి సంది చెప్పుల్లేకుంట అడవిల నడిచిన కాలు ఇట్లనే కండ పట్టి ఉంటది. మునివేళ్ల మీద లేపి చూడు."

బుద్రిని లేపి చూపించింది. వంపు లేచింది. నేను చూశాను, తల ఊపాను, నమ్మలేదు. చదువుకున్నదాన్ని కదా. డిప్లొమా ఉన్నదాన్ని, పొయ్యి బూడిదను నమ్ముతానా? ఖరీదైన జత ఒకటి ఆర్డరు పెట్టాను. అది ఆ సీటు కోసం పెట్టే పరుగు సెలక్షన్‌కు ముందురోజే చేతికొచ్చింది. అక్కకు చెప్పలేదు.

బీజాపూర్ మైదానంలో పరుగు మొదలవడానికి పావుగంట ముందు బుద్రి బూట్లు విప్పించి, అక్క ముక్కలు తీసి నా సంచిలో వేసుకుని, కొత్తవి దూర్చాను. నాలుగు అడుగులు నడిపించి కూడా చూడలేదు. మూడో చుట్టు దాకా బుద్రి ముందే ఉంది. నాలుగో చుట్టులో కుడికాలు మెల్లగా వేయడం కనిపించింది. అయిదో చుట్టుకు వెనకబడింది. పదకొండోదిగా వచ్చి, గీత దాటి కూలబడింది. బూటు విప్పితే మడమ తోలు లేచిపోయి ఉంది, చీలమండ లోపలివైపు ఉబ్బింది. నరం దెబ్బతిందని, మూడు నెలలు పరుగు మాట ఎత్తొద్దని ఆసుపత్రిలో చెప్పారు.

ఇక్కడి నుంచి రాయడం కష్టం. తిరిగి వచ్చేటప్పుడు జీపులో బుద్రి కాలికి కట్టుతో వెనక సీట్లో పడుకుని నిద్రపోతోంది. దాని బూట్లు నా ఒళ్లో ఉన్నాయి. నేను కొత్త ఇన్‌సోళ్లు తీసి సంచిలో పెట్టుకున్నాను. అక్క చేసిన ముక్కలు సంచిలోంచి తీసి మళ్లీ బూట్లలో పెట్టాను. ఎందుకు చేశానో తెలియదని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. తెలుసు. నాది కాంట్రాక్టు ఉద్యోగం, పొడిగింపు కాగితం ఆ నెలలోనే రావాలి.

అధీక్షిక మేడమ్ బూట్లు తెప్పించి లోపల వేలు పెట్టి చూసింది. రబ్బరు ముక్కలు బయటికి తీసి బల్ల మీద పెట్టింది. ఆమెకు ఆ అధికారి బూట్ల సంగతి గుర్తే ఉన్నట్టుంది. నన్ను స్పష్టీకరణ రాసిమ్మంది, అంటే జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టడం. హిందీలో ఒక పేజీ రాశాను. వంట మనిషి పిల్లల బూట్లు విప్పి అట్టలు పీకేసేదని రాశాను. వాటి బదులు పాత రబ్బరు ముక్కలు పెట్టేదని రాశాను. నేను వేరే ఇన్‌సోళ్లు వాడదామంటే ఆమె ఒప్పుకోలేదని రాశాను. ఆ కాగితంలో ఒక్క అబద్ధం లేదు. రాయని మాట ఒక్కటే ఉంది.

పదకొండేళ్లుగా రోజు కూలి మీద చేస్తున్న ఆమె ఉద్యోగం ఆ ఏడాదే పక్కా కావాల్సి ఉంది. ఫైలు జిల్లా దాకా వెళ్లిందని నెల ముందే అందరికీ బెల్లం పెట్టింది. నా కాగితం వెళ్లిన వారానికి రేపటి నుంచి రావద్దన్నారు.

వెళ్లేరోజు గోనె పట్టా చుట్టి చంకలో పెట్టుకుని నా గది దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మేడమ్, ఆ రోజు ఉరికే ముందర బూటు విప్పి చూసినవా?" అని అడిగింది.

"చూశాను అక్కా" అన్నాను.

"నా ముక్కలే ఉన్నయా?"

"ఉన్నాయి."

ఆమె నా మొహం చూసింది. అంతసేపు ఆమె ఎవరి మొహమైనా చూడటం నేనెరగను. తర్వాత వెళ్లిపోయింది. నాకు పొడిగింపు వచ్చింది.

ఏడాది తర్వాత బీజాపూర్ వారపు సంతలో కనిపించింది. చింతపండు కుప్ప వెనకాల నిలబడి ఉంది, కాళ్ల కింద అదే పట్టా. తప్పించుకుని పోదామనుకున్నాను గానీ నా కాళ్లను ముందే గుర్తుపట్టేసింది. పలకరింపులయ్యాయి. బుద్రి ఎట్లుందని అడిగింది. బాగానే ఉందన్నాను, పరుగు మానేసిందని చెప్పలేదు. అప్పుడు మళ్లీ అదే ప్రశ్నకు వచ్చింది. నా ముక్క వల్లనే బిడ్డ కాలు పాడయిందా, ఉన్నది ఉన్నట్టు చెప్పు అంది. సంతలో ఇద్దరమే ఉన్నట్టు అనిపించింది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం లేదు. నా ఉద్యోగానికి కూడా అప్పుడేం ప్రమాదం లేదు, బచేలిలో కొత్త బడిలో చేరబోతున్నాను.

"కొంచెం గట్టిగా ఉన్నట్టుంది అక్కా" అన్నాను.

"గట్టిగ ఉన్నదా" అని, చింతపండు ముద్ద ఒకటి తీసి బొటనవేలితో నొక్కింది. వేలు సగం దిగింది. దాన్ని కుప్పలో పెట్టేసి, నా ఎడమ మడమ బాగా అరిగిందనీ, ఇలాగే వదిలేస్తే నాలుగైదేళ్లలో నొప్పి పట్టుకుంటుందనీ చెప్పింది. అదే ఆఖరి మాట. లెక్క తప్పలేదు, అయిదేళ్లకు పట్టుకుంది.

కొట్టాయనతో ఆ అబద్ధం ఆడి వచ్చిన తర్వాతి ఆదివారం నేను మళ్లీ అదే కొట్టుకు వెళ్లి, అదే రకం ఇన్‌సోల్ ఇంకో జత కొన్నాను, ఆమె కోసం. మరునాడు సెలవు పెట్టి బయల్దేరాను. గీదం, బీజాపూర్, భోపాలపట్నం, మూడు బస్సులు. ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను. ఆమె ఇల్లు నాకు తెలియదు. నాలుగేళ్లు ఆమె చేతి తిండి తిన్నాను, ఇల్లెక్కడని ఒక్కసారి అడగలేదు. బడిలో కనుక్కుందామని అక్కడ దిగాను.

వంటింట్లో పొయ్యి ముందు బుద్రి నిలబడి ఉంది. ఇరవై దాటిన మనిషి, కొంగు బిగించి పెద్ద గంటెతో పప్పు కలుపుతోంది. కాళ్ల కింద గోనె పట్టా. నన్ను చూసి గంటె ఆపింది, నమస్తే చెప్పింది, స్టూలు జరిపింది. అక్క ఇల్లెక్కడ అని అడిగాను. అవ్వ వానల్లో పోయిందని చెప్పింది. జ్వరమట. మూడు రోజులట. పట్టా తనకిచ్చి పోయిందట.

స్టూలు మీద కూర్చున్నాను. ఏం చేయాలో తెలియక పొట్లం విప్పి ఇన్‌సోళ్లు బుద్రి చేతిలో పెట్టాను, అక్క కోసం తెచ్చానని చెప్పాను. బుద్రి బొటనవేలితో నొక్కి చూసింది. వంచి చూసింది. మంచివే అంది.

"కానీ అవ్వ కాలు ఇంత పెద్దది గాదు మేడమ్" అని తిరిగి ఇచ్చేసింది.

నిజమే. అందరి కాళ్లూ కొలిచిన మనిషి కాలు ఎంతో నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు చెప్పాలనిపించింది. ఇన్నేళ్లకు, ఆమెకు కాకపోతే ఈ పిల్లకైనా. బుద్రీ, ఆ రోజు నీ బూట్లలో, అని మొదలుపెట్టాను. బుద్రి పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది, మంట తగ్గింది.

"జీపుల నేను నిద్రపోలేదు మేడమ్" అంది. "కళ్లు మూసుకున్న, అంతే. మీరు తీసింది చూసిన, పెట్టింది చూసిన. వచ్చినంక అవ్వకు చెప్పిన."

"మరి అధీక్షిక మేడమ్‌కు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తనంటే అవ్వ వద్దన్నది. నువ్వు చెప్తే నిన్ను బడిల ఉండనియ్యరు అన్నది. నిజం మీ నోటితోనే రావాలె, మీరు కనబడ్డప్పుడల్ల అడుగుత అన్నది." బుద్రి పప్పులో ఉప్పు వేసింది. "రెండుసార్లు అడిగిందంట గదా. వానలు పోయినంక బచేలికి వచ్చి అడుగుతనన్నది. బస్సులు గూడ కనుక్కున్నది."

పిల్లలు వరుసలో వచ్చి కూర్చున్నారు, వడ్డన మొదలైంది. నాక్కూడా ఒక పళ్లెం పెట్టింది. తిన్నాను, అదొక సిగ్గు. బస్సుకు వేళైందని లేస్తే, మడమ నొప్పా అని అడిగింది. నేను దానికి చెప్పనే లేదు. నడక చూసి తెలుసుకున్నట్టుంది.

ఆ బడి ఆఫీసులో ఏదో బీరువాలో నా స్పష్టీకరణ ఇంకా ఉండే ఉంటుంది. ఆమె పేరు నా చేత్తో నేను రాసింది ఆ ఒక్క కాగితం మీదే, మూడు చోట్ల. ఇక్కడ కూడా రాయాలనే కూర్చున్నాను. చేయి రాలేదు.